కింద నా చెయ్యి ఉంది

మ్యూజియం వెనక, ప్యాకింగ్ గది

చేపపిల్లా,

నువ్వు క్షేమంగానే ఉండి ఉంటావు. మునిగిపోయి ఉంటే ఈపాటికి ఎవరో ఒకరు కబురు చేసేవాళ్లు.

ముందు అసలు సంగతి. నేను పాసయ్యాను! ఈత కొలనులో పాఠాలు, ఊరి బయట క్వారీ గుంటలో పరీక్ష, అన్నీ అయిపోయాయి. స్కూబా డైవింగ్ వచ్చినట్టు ఫోటోతో సహా కార్డు ఇచ్చారు. ఫోటోలో తడిసిన పిల్లిలా ఉన్నాను. అయినా సిగ్గుపడకుండా ఆఫీసులో అందరికీ చూపించాను. ఇన్నేళ్లూ ఇక్కడ కూర్చుని గాజు దీపాలకీ పింగాణీ కూజాలకీ పెట్టెలు కట్టి దేశదేశాలకి పంపించాను. ఇప్పుడు నన్ను నేను నీ పడవకి పంపించుకోబోతున్నాను.

సామాను సర్దడం మొదలుపెట్టేశాను. చక్రాలున్న గట్టి పెట్టె ఒకటి తెచ్చి, లోపల ఫోమ్ పరిచి, మాస్క్‌కి ఒక గుంట, కాళ్లకి తొడుక్కునే ఫిన్స్‌కి రెండు, టార్చికి ఒకటి, కళ్లజోడుకి ఒకటి, అన్నీ కొలతపెట్టి కోశాను. తలకిందులుగా విసిరేసినా లోపల ఒక్క వస్తువు కదలదు. మీ బావ వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగి, "నీకు గుంట ఎక్కడ కోశావు?" అని అడిగారు. ఆయనకి భయంగా ఉంది. భయం వేస్తే జోకులేస్తారని నీకు తెలుసు కదా.

ఇక మన ఒప్పందం. ఎన్నోసారి రాస్తున్నానో నాకే తెలియదు, అయినా రాస్తాను. నువ్వు పక్కన ఉంటేనే నేను నీళ్లలోకి దిగేది. నా చెయ్యి నీ చేతిలో ఉండాలి. నేను ఈ వయసులో ఇదంతా నేర్చుకున్నది రంగురంగుల చేపల కోసం కాదు, వాటిని టీవీలో చూడొచ్చు. నీళ్ల పైన నిన్ను చాలానే చూశాను. గిన్నెలు తోమమంటే మాయమవడం, నా ప్యాకింగ్ గదిలో రెండు వేసవులు చక్కగా పని నేర్చుకుని ఒక రోజు ఉన్నట్టుండి సముద్రం మీద ఉద్యోగమని వెళ్లిపోవడం, అన్నీ చూశాను. నీళ్ల కింద నువ్వు ఎలా ఉంటావో మాత్రం నాకు తెలియదు. మీ పడవకి వచ్చిన పరాయివాళ్లందరూ చూశారు. నేను చూడలేదు.

పెట్టె కొలతలు ఇంకో కాగితం మీద రాశాను. మీ పడవలో ఎక్కడ పెడతావో చూసి చెప్పు.

మీ అక్క

*

పడవ, వంటగది పక్కన బల్ల

అక్కా,

నీ కార్డు సంగతి చదివి పెద్దగా అరిచాను. వంటాయన చేతిలో గరిటె జారిపడింది. అందరికీ చెప్పాను, మా అక్క పాసయిందని. మా కెప్టెన్ అయితే, "పెట్టెలు కట్టే అక్కేనా? ఈత రాకుండా నీకు ఈత నేర్పిన అక్కేనా?" అన్నాడు. నీ గురించి నేను ఎన్ని కోతలు కోశానో చూశావా?

నిజంగా ఆ కథ నేను ప్రతి బృందానికీ చెబుతాను. మున్సిపల్ ఈత కొలనులో లోతు తక్కువ వైపు నువ్వు నడుం దాకా నీళ్లలో నిలబడ్డం, గట్టు మీద లైబ్రరీ పుస్తకం తెరిచి పెట్టుకుని ఒక్కొక్క వాక్యం చదివి నాతో చేయించడం. నీకు ఈత ముక్క కూడా రాదు. నా కడుపు కింద అరచెయ్యి ఆనించి, "మునగవు. కింద నా చెయ్యి ఉంది. కాళ్లు ఆడించు" అనేదానివి. నీళ్లంటే నీకు ఎంత భయమో నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు. అక్కా, ఎంతోమంది మొండి డైవర్లని చూశాను కానీ నీ అంత ధైర్యం ఎవరిలోనూ చూడలేదు.

ఇప్పుడు చెడ్డవార్త. ఆ పెట్టె వద్దు! దాన్ని చూస్తే కెప్టెన్ నిన్నూ దాన్నీ కలిపి ఒడ్డునే వదిలేస్తాడు. వారమంతా తిండీ నిద్రా డైవింగూ అన్నీ ఈ పడవలోనే. నీ గది మన ఇంట్లో స్టోర్ రూమ్ అంత ఉంటుంది, అందులో ఇద్దరు. సామానంతా మంచం కింద జానెడు ఖాళీలోకి దూరాలి. ఖాళీ చేశాక మడిచి పడేయగలిగే మెత్తటి బట్ట సంచీ ఒకటి తెచ్చుకో. ఈత దుస్తులు రెండు జతలు, ఒకటి ఆరేలోపు ఇంకొకటి. నీళ్లలోంచి పైకొచ్చాక గాలికి వణుకు పుడుతుంది, పల్చటి చలికోటు పెట్టుకో. కడుపులో తిప్పకుండా మాత్రలు. చెప్పులు ఒక్క జత చాలు, అవి కూడా ఎక్కగానే బుట్టలో పడేయిస్తాం. ఇక్కడ అందరూ వట్టికాళ్లే.

రెగ్యులేటర్ కొనకు. సిలిండర్లో గాలిని నోటికి అందించే ఆ గొట్టాల పరికరం చాలా ఖరీదు. నాది పంపిస్తాను. నా చేతికి పెట్టుకునే డైవ్ కంప్యూటర్ కూడా పంపిస్తాను, ఎంత లోతులో ఉన్నావో అదే చెబుతుంది. మాస్క్ కూడా నాదే వాడు, ముఖాలు ఒకటే అచ్చు కదా.

ఫోన్ చెయ్యకు, ఇక్కడ సిగ్నల్ మహా దొంగది, సగం మాటలు మింగేస్తోంది. ఉత్తరాలే రాయి. సరుకుల పడవ వాటిని జాగ్రత్తగా తెస్తుంది.

చేపపిల్ల

*

మ్యూజియం వెనక, ప్యాకింగ్ గది

చేపపిల్లా,

బట్ట సంచీ! నా జీవితంలో ఒక్క వస్తువునీ బట్ట సంచీలో పెట్టి పంపలేదు. ఎవరైనా పంపితే వాళ్లని ఉద్యోగంలోంచి తీసేయించేదాన్ని. నీ ఉత్తరం చదివి ఒక పూటంతా ఆ పెట్టె మూత తీస్తూ మూస్తూ కూర్చున్నాను.

తర్వాత వెళ్లి సంచీ కొన్నాను. మెత్తగా, ఎముకల్లేనట్టు ఉంది. వస్తువులు పెడితే అన్నీ అడుగుకి జారి ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. తల ప్రాణం తోకకి వచ్చింది. చివరికి ఉపాయం తట్టింది. ఫోమ్ లేకపోతే బట్టలే ఫోమ్. తువ్వాలు చుట్టి టార్చి, చలికోటు మడతల్లో కళ్లజోడు, ఫిన్స్ రెండు పక్కలా గోడల్లాగా. ఇప్పుడు సంచీ నిటారుగా నిలబడుతోంది. మీ బావ దాన్ని ఎత్తి, దించి, మళ్లీ ఎత్తి, "ఇంకా తేలికే. వద్దనుకుంటే ఇప్పుడైనా ఖాళీ చెయ్యొచ్చు" అన్నారు. ఈసారి నవ్వలేదు.

ఈత దుస్తులు కొనడానికి వెళ్తే ఆ దుకాణం అమ్మాయి, "మీ మనవరాలికా ఆంటీ?" అంది. నాకే అన్నాను. డైవింగ్‌కి అన్నాను. పడవలో అన్నాను. పాపం, ఆ అమ్మాయి కుర్చీ తెచ్చి వేసింది.

ఒక సందేహం. నీ మాస్క్, నీ రెగ్యులేటర్, నీ కంప్యూటర్ అన్నీ నాకిచ్చేస్తే మరి నువ్వు ఏం పెట్టుకుని దిగుతావు?

అక్క

*

పడవ, పై డెక్

అక్కా,

నిటారుగా నిలబడే బట్ట సంచీ! దాన్ని చూడాలని ఇక్కడ అందరూ ఎదురు చూస్తున్నారు.

నా సంగతికేం, పడవలో పరికరాలకి కొదవా? నువ్వు అనవసరంగా బుర్ర పాడుచేసుకోకు. పార్సిల్ ఇవాళే సరుకుల పడవకి ఇచ్చాను. రెగ్యులేటర్ మాత్రం విమానంలో నీ చేతి సంచీలోనే ఉండాలి.

మా దగ్గర నాలాగే వచ్చినవాళ్లని నీళ్లలోకి తీసుకెళ్లే గైడ్ ఇంకొకాయన ఉన్నాడు. మౌనస్వామి అంటాం. గట్టు మీద నోరు విప్పడు, నీళ్లలో మాత్రం చేతులతో తెగ మాట్లాడతాడు. కొత్తవాళ్లంటే ఎంత ఓపికో. నాకు ఒకవేళ పైన పనుంటే ఆయన నిన్ను చూసుకుంటాడు. ఏదో మాటవరసకి చెబుతున్నాను.

ఇవాళ సముద్రం నీ ఇస్త్రీ బల్లలా ఉంది. నువ్వు వచ్చినప్పుడూ ఇలాగే ఉండాలి.

చేప

*

మ్యూజియం వెనక, ప్యాకింగ్ గది

చెల్లీ,

పార్సిల్ అందింది. దీన్ని నా పని బల్ల మీద పెట్టుకుని రాస్తున్నాను.

నీకు ప్యాకింగ్ నేర్పింది నేనే. ఒక వస్తువు ప్రయాణానికి వెళ్తుంటే, టేపు కొసని వెనక్కి మడిచి చిన్న తోక వదలాలి. అవతల విప్పేవాళ్లు గోళ్లతో గీక్కోకుండా ఆ తోక పట్టుకుని లాగుతారు. మళ్లీ కట్టి వెనక్కి పంపాలి కాబట్టి ఏదీ చిరగకూడదు. అదే వస్తువు గోదాములోకి, ఇక తీయనక్కర్లేని అరలోకి వెళ్తుంటే పద్ధతి వేరు. తోక ఉండదు. మెత్తటి కాగితం నాలుగు వైపులా మూస్తాం, తేమ పీల్చే పొట్లాలు వేస్తాం, నూలు నాడాతో ముడి వేస్తాం, లోపల ఏముందో పైనే రాస్తాం, ఎవరూ విప్పి చూడక్కర్లేకుండా.

నీ కంప్యూటర్‌కి టేపు తోక ఉంది. మాస్క్‌కీ ఉంది. అవి నాకు పంపుతున్నానని గుర్తుపెట్టుకునే కట్టావు. రెగ్యులేటర్‌కి మాత్రం లేదు. నూలు నాడా, నాలుగు పొట్లాలు, పైన నీ చేతిరాత. నాకు పంపాలని అనుకోక ముందే దాన్ని కట్టేశావు. ఏ అరలోనో పెట్టేశావు. రోజూ నోట్లో పెట్టుకుని ఊపిరి పీల్చే వస్తువుని ఎవరూ అలా కట్టరు.

దాన్ని చూస్తూ కూర్చుంటే నీ ఉత్తరాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సిగ్నల్ దొంగది అన్నావు. మౌనస్వామి అన్నావు. మాటవరసకి అన్నావు.

నువ్వు చెప్పేలోపు నా సంగతి కూడా చెబుతాను. నేను పాసయ్యాను కానీ మొదటిసారి కాదు. క్వారీ గుంటలో మాస్క్‌లోకి నీళ్లు రానిచ్చి ముక్కుతో ఊది బయటికి పంపాలి కదా, నీళ్లు కళ్లకి తగలగానే నాకు ఒళ్లు తెలియలేదు. టీచర్ నా భుజం పట్టి ఆపకపోతే పైకి దూసుకుపోయేదాన్ని. ఒడ్డుకొచ్చి నిచ్చెన పట్టుకుని కూర్చుని ఏడ్చాను. రెండోసారి ఎలా చేశానో తెలుసా? అక్కడ నువ్వు ఉంటావు కదా అనుకుని చేశాను. అదొక్కటే నా ధైర్యం.

ఏం జరిగింది? జోకులు వద్దు.

అక్క

*

పడవ, నా గది

అక్కా,

నా చేతులు నీ దగ్గర పని నేర్చుకున్నాయి, నీకు అబద్ధం చెప్పడం వాటి వల్ల కాలేదు.

వర్షాల ముందు జలుబు పట్టుకుంది. జలుబుతో దిగొద్దని అందరికీ రోజూ చెప్పేది నేనే. ఒక బృందం ఎంతో దూరం నుంచి వచ్చింది, చివరి రోజు, ఒక్కసారే కదా అని దిగాను. దిగుతుండగానే కుడి చెవిలో ఏదో తెగినట్టయింది, సముద్రం గిర్రున తిరిగింది. మౌనస్వామి నన్ను పైకి తెచ్చాడు. ఇప్పుడు ఆ చెవి వినపడదు. రెండో దాంట్లో ఒకటే ఈల. ఫోన్‌లో నీ గొంతు అర్థం కాక ఊరికే ఊఁ కొట్టాల్సి వస్తుందని సిగ్నల్ మీదకి తోసేశాను. ఇక ఎప్పుడూ లోతుకి వెళ్లొద్దన్నాడు డాక్టర్. ఇంకోసారి పోతే రెండో చెవి కూడా పోతుందట. కెప్టెన్ మంచివాడు, వంటసరుకులూ గదుల లెక్కలూ వచ్చినవాళ్ల పలకరింపులూ నాకు అప్పగించాడు.

చెబితే నువ్వు రావని తెలుసు. నేను పక్కన లేకపోతే దిగనన్నావు కదా. నువ్వు రావాలని ఉంది. నేను ఇన్నేళ్లు ఎక్కడ బతికానో నా వాళ్లు ఒక్కరైనా చూడాలని ఉంది. అందుకే నువ్వు ఇక్కడికి వచ్చాక, పడవ కదిలాక చెబుదామనుకున్నాను. ఎంత మోసమో నాకే తెలుసు.

పైన తేలొచ్చన్నాడు డాక్టర్. మాస్క్ పెట్టుకుని, నోట్లో గాలి గొట్టంతో బోర్లా పడుకుని చూడొచ్చు, ముఖం మాత్రమే నీళ్లలో. కానీ ఆ రోజు నుంచి నేను నీళ్లు ముట్టుకోలేదు అక్కా. నిచ్చెన చివరి మెట్టు మీద నిలబడి వెనక్కి వచ్చేస్తాను. మిగతావాళ్లు కిందికి వెళ్తుంటే పైనుంచి చూస్తూ ఉండటం నా వల్ల కాదు.

నువ్వు రాకపోయినా ఏమీ అనుకోను. రెగ్యులేటర్ దాచుకో.

చెల్లి

*

మ్యూజియం వెనక, ప్యాకింగ్ గది

చెల్లీ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. మొదటి దానిలో నిన్ను తిట్టాను. రెండో దానిలో మీ కెప్టెన్‌ని తిట్టాను. మూడో దానిలో జలుబుని తిట్టాను. నాలుగో దాని మీద ఏడ్చాను, సిరా కారిపోయింది.

వస్తున్నాను.

నువ్వు పక్కన ఉంటేనే దిగుతానన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. దానికి బదులు ఇంకో మాట. నేను మౌనస్వామితో దిగుతాను. నువ్వు పైన తేలాలి, నేను తలెత్తితే నాకు కనిపించేటట్టు. నువ్వు నిచ్చెన దగ్గరే ఆగిపోతే నేనూ నీ పక్కనే మెట్టు మీద కూర్చుంటాను. ఇద్దరం కాళ్లు నీళ్లలో పెట్టుకుని వారం రోజులు కబుర్లు చెప్పుకుందాం. నీ ఎడమ వైపే కూర్చుంటాలే.

మీ బావకి అంతా చెప్పాను. ఎప్పటిలా జోకు వేస్తారనుకున్నాను. సంచీలోంచి చలికోటు తీసి, తన మందపాటి ఉన్ని కోటు చుట్టి అందులో పెట్టారు. "ఇది మీ చెల్లెలికి. తడిసి పైకొచ్చాక కప్పు" అన్నారు. కాబట్టి నువ్వు తడవక తప్పదు.

అక్క

*

పడవ, నీ ఖాళీ గది

అక్కా,

నిన్ను ఒడ్డున దింపి వచ్చాం. మిగతావాళ్లు నిద్రపోతున్నారు. నేను నీ మంచం మీద కూర్చుని రాస్తున్నాను. నువ్వు మళ్లీ పనిలోకి వెళ్లేసరికి ఇది నీ బల్ల మీద ఉండాలి.

నీ బట్ట సంచీ ఈ పడవ చరిత్రలో నిలిచిపోయింది. కెప్టెన్ అందర్నీ పిలిచి చూపించాడు కదా, చెయ్యి పెట్టకుండా కళ్లతోనే చూడమని. నువ్వేమో మొహం గంభీరంగా పెట్టి, "ఇంకా బాగా కట్టొచ్చు" అన్నావు. నాకు గర్వంతో ఏడుపొచ్చింది.

మొదటి రోజు నిచ్చెన దగ్గర నువ్వు మాస్క్ పట్టీ మళ్లీ మళ్లీ విప్పి బిగించుకోవడం చూశాను. నేను చూడలేదనుకున్నావు. వెనక్కి తిరిగి నా వైపు చూశావు. ఎదర నువ్వు భయపడుతున్నావు, వెనక నేను భయపడుతున్నాను. మౌనస్వామి పాపం ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత నువ్వు, "మునిగితే ఇద్దరం మునుగుదాం" అని, నా రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని, మాస్క్ చేత్తో అదిమి పట్టుకుని అడుగు వేసేశావు. నేను ఇన్నేళ్లలో ఎన్నో వందల మంది దూకడం చూసి ఉంటాను అక్కా. అంత భయపడుతూ అంత చక్కగా దూకినవాళ్లని చూడలేదు.

అప్పుడు ఇక నాకు వేరే దారి లేదు. దిగాను.

భోజనాల బల్ల దగ్గర నువ్వు అన్నీ చెప్పావు. కింద మాస్క్‌లోకి నీళ్లు వచ్చాయనీ, క్వారీ గుంట గుర్తొచ్చిందనీ, మౌనస్వామి చెయ్యి ఎత్తేలోపు నువ్వే ఊది పారేశావనీ. తాబేలు నిన్ను చూసి మొహం తిప్పుకుందనీ. అందరూ పడీపడీ నవ్వారు. ఒక్కటి మాత్రం చెప్పలేదు నువ్వు. నేనూ అడగలేదు. మాటల్లో పెడితే పాడవుతుందేమోనని ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

నేను పైన బోర్లా పడుకుని ఉన్నాను. నిచ్చెన వదల్లేదు. ఒక చెయ్యి దాని మీదే ఉంది. కింద నువ్వు చిన్నగా అయిపోతున్నావు. నా ఫిన్స్ లేవు, నా సిలిండర్ లేదు, నీ బుడగలు వచ్చి నా పొట్టకి తగిలి పగులుతున్నాయి. ఏడుస్తున్నాను, మాస్క్ మసకేసింది. ఇక లేచి వచ్చేద్దామనుకున్నాను.

అప్పుడు నువ్వు కింద వెల్లకిలా తిరిగావు. కొత్తవాళ్లు ఎవరూ అలా తిరగరు, భయపడతారు. తిరిగి నన్ను వెతికి చూశావు. చెయ్యి ఊపలేదు, బాగున్నానని సైగ కూడా చెయ్యలేదు. చెయ్యి చాచి, అరచెయ్యి పైకి తెరిచి, సరిగ్గా నా కడుపు కింద పట్టుకున్నావు. అలాగే ఉంచావు. ఎంతసేపని! మౌనస్వామి రమ్మని సైగ చేసినా తియ్యలేదు.

మన మధ్య అంత నీరు ఉంది. నాకు ఒక చెవి లేదు, రెండో దాంట్లో ఈల. అయినా నువ్వు అనేది ప్రతి ముక్కా వినిపించింది.

నా రెగ్యులేటర్‌ని నువ్వు వెళ్తూ వెళ్తూ కట్టి నా దిండు మీద పెట్టావు. నూలు నాడా తీసేశావు. టేపు వేసి, కొస మడిచి తోక వదిలావు. అంటే మళ్లీ ప్రయాణముంది. వచ్చే ఏడు దీన్ని నేనే కట్టి పంపిస్తాను, నువ్వు విప్పుకుని రా. బావని కూడా తీసుకురా, ఆయన ఉన్ని కోటు ఇంకా నా దగ్గరే ఉంది, ఉప్పు పట్టి చెక్కలా తయారైంది.

నువ్వు అడగలేదు కానీ, ఆ తర్వాత నేనేం చేశానో కూడా చెబుతాను. నిచ్చెన వదిలేశాను. కాళ్లు ఆడించాను.

చేపపిల్ల